తొంభై ఒకటా, డెబ్బై ఆరా

మా అత్తకు తెలుగు చదవడం రాదు, తమిళం చదవడమూ రాదు. అంకెలు మాత్రం కంట పడితే చాలు, చదివేస్తుంది. ధర్మపురి బస్టాండులో ఏ నంబరు బస్సు పెన్నాగరం మీదుగా పోతుందో, పాల సొసైటీ మిషను మీద ఎర్రగా వెలిగే అంకెల్లో చుక్క ఎక్కడ పడిందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే ఆ చిత్తిరై నెల ఎండల్లో ఒక మధ్యాహ్నం నాకు మజ్జిగ ఇవ్వడానికి వచ్చి, నా కంప్యూటరు తెర మూలన ఉన్న 91ని చూసి నిలబడిపోయినప్పుడు, అది ఇంకేదోనని బుకాయించే వీలు నాకు లేకపోయింది.

అదేమిటని అడిగింది. ఈ పెట్టె లోపల చిప్పు అని ఒకటి ఉంటుంది, పని అంతా చేసేది అదే, దాని వేడి ఎంతో ఈ ప్రోగ్రాము చూపిస్తుంది అన్నాను. ఆమె ముఖంలో భయం లేదు, జాలి కనిపించింది.

"తొంబై ఒకటేనా? సల్లబడిపోయిండాది గదమ్మా. ఈనిన ఆవు ఇట్లయితే డాక్టర్ని పిలిచి సూదేపిస్తాము."

ఆవుల మీద బతికిన ఇల్లు మాది. ఆవు ఒంటి వేడి నూటొకటి ఉంటే బాగున్నట్టు. ఈనిన తర్వాత అది పడిపోయి, చెవులు చల్లబడి, మెడ ఒక పక్కకు వాల్చేసిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టు. ఆ లెక్కన తొంభై ఒకటంటే నా పెట్టె చావు బతుకుల్లో ఉంది. నేను నవ్వి ఊరుకుని ఉంటే ఆమె ఆ రోజు దానికి దిష్టి తీసి వెళ్ళిపోయేది, ఈ కథే లేదు. కానీ నాకు తప్పు వింటే దిద్దే జబ్బు ఉంది. ఇది ఆ డిగ్రీ కాదత్తా, పశువుల డాక్టరు డిగ్రీ వేరు, ఈ లెక్కలో వందకు నీళ్ళు మసులుతాయి అని విడమరచి చెప్పాను. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

ఆమె మజ్జిగ చెంబు కింద పెట్టింది. పెట్టె వైపు చూసింది. తర్వాత దాని వెనక ఉన్న కిటికీ వైపు చూసింది. కిటికీకి అవతల, చెయ్యి చాపితే అందే దూరంలో, మా గడ్డి వామి ఉంది.

ఇక్కడ నా గది గురించి చెప్పాలి. నేను కుప్పం వైపు పుట్టినదాన్ని. తెలుగు చదువుకుని, పెళ్ళయి పెన్నాగరం వైపున్న ఈ ఊరికి వచ్చాను. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, గడప దాటితే తమిళం. నా పని వీడియోలు కుదించి, కత్తిరించి, పాటలు పెట్టి ఇవ్వడం. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, చెవులు కుట్టే పండుగలు, హొగేనక్కల్‌లో ఏటి మీద గుండ్రటి పుట్టి ఎక్కి కేకలు పెట్టే చుట్టాలు, ఇవన్నీ నా చేతుల మీదుగానే ఇళ్ళకు చేరతాయి. మొదట్లో ధర్మపురిలో ఒక స్టూడియోకు వెళ్ళి చేసేదాన్ని. పొద్దున బస్సులో నిలబడి పోవడం, సాయంత్రం బస్సులో నిలబడి రావడం. ఇంటికి వచ్చాక మిగిలేది కాళ్ళ నొప్పులూ, నిద్రపోతున్న పాప ముఖమూ. తర్వాత నా భర్త పాత గడ్డి కొట్టానికి సున్నం కొట్టించి, ఒక బల్ల, ఒక ఫ్యాను పెట్టించాడు. అప్పటి నుంచి పని ఇంట్లోనే. పాప బడి నుంచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడి, తెలియని వాళ్ళ పెళ్ళిళ్ళు చూస్తూ అన్నం తింటుంది. ఆ గదిలో నాకున్నంత సుఖం ఇంకెక్కడా లేదు. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు గాని, ఇంట్లో అందరికీ తెలుసు.

అత్త ఆ సాయంత్రమే తీర్పు చెప్పింది. పెట్టె ఈ గదిలో ఉండకూడదు. ఇంటి పడసాలలో పెడదామంటే పైన వాసాలు కట్టెవి. కాబట్టి ఇంట్లోనే ఉండకూడదు. ధర్మపురిలో మా ఆయన చిన్నాన్న ఇంట్లో మేడ మీద గది ఖాళీగా ఉంది, పైనా కిందా సిమెంటే. వచ్చే నెల మొదటికల్లా దాన్ని అక్కడికి చేర్చి, నేను పోయి పని చేసుకుని రావాలి. కోపంగా చెప్పి ఉంటే నేనూ కోపంగా మాట్లాడేదాన్ని. ఆమె రాగి ముద్ద కెలుకుతూ, ఎవరో చనిపోతే చెప్పేంత మెల్లగా చెప్పింది.

మళ్ళీ బస్సు.

నా భర్త సంగతి చెప్పాలంటే, ఆయన ఇలాంటప్పుడు అమ్మ చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే అని, మోటారు వేసి రావాలంటూ పొలానికి పోతాడు. ఆ రోజు కరెంటే లేదు. అయినా మోటారు వెయ్యడానికే పోయాడు.

నేను తర్కానికి దిగాను. ప్రతి పొద్దునా సొసైటీ మిషను అబద్ధం చెప్తుందని ఊరంతా వినేలా తిడతావు కదా, మిషను మాట నమ్మనని నువ్వే అన్నావు కదా, మరి నా మిషను చెప్పింది వేదం ఎలా అయ్యింది అని అడిగాను. నెగ్గాననే అనుకున్నాను. ఆమె ముద్ద కర్ర పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"మిషను అబద్దం చెప్తే దానికేదో లాబం ఉండల్ల. సొసైటీ మిషను వెన్న తక్కువ చూపిస్తే సొసైటీకి లాబం. నీ మిషను నాకు జరమని చెప్పుకుంటే దానికేమొస్తాది?"

అని, మళ్ళీ ముద్ద కెలకడం మొదలుపెట్టింది.

అయినా ఊరుకునే రకాన్ని కాను. చిప్పు వేడి చూపించే ప్రోగ్రాములు లోకంలో ఎన్నో ఉన్నాయి, ఒకటి చెప్పిందే చెల్లుతుందా అని, మర్నాడు ఇంకొకటి దించి పెట్టాను. అదే పెట్టె, అదే చిప్పు, అదే పని. అది డెబ్బై ఆరు అంది. నాకు పండగైంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు పాతదాన్ని పట్టుకుని వేలాడే మా అత్తను పిలుచుకు వచ్చి, చూడు, డెబ్బై ఆరే, నిన్నటిది పాత ప్రోగ్రాము, దానికి మతి లేదు అన్నాను. ఆమె రెండు అంకెలనూ చూసింది. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్తే ఎక్కువ భయపెట్టినవాడి మాటే వినాలని, ఆవు పోయాక రెండోవాడు వచ్చి నిలబడడని చెప్పి వెళ్ళిపోయింది.

అప్పుడు నేను ఆఖరి ఆయుధం తీశాను. అంకెలు వద్దు, నీ చెయ్యే చెప్పనీ అన్నాను. ఆమెను మళ్ళీ పిలిచి, చెయ్యి పట్టుకుని పెట్టె పక్క రేకు మీద ఆనించాను. రేకు నిజంగానే చల్లగా ఉంది. ఉడుకు లేదు కదా, ఇక చాలించు అన్నట్టు ఆమె ముఖం వంక చూశాను. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. కాలినట్టే లాక్కుంది.

"పైన సల్లగానే ఉండె, ఆ వామి గూడా."

ఏ వామి అని అడిగాను. అంతవరకూ నాకు తెలియని సంగతి ఆమె గడప మీద కూర్చుని చెప్పింది. ఆమె ఈ ఇంటికి కొత్త కోడలుగా వచ్చిన ఏడు, రాగి కోతల్లో కాలం కాని వాన కురిసింది. గడ్డి సరిగా ఎండకుండానే వామి వేశారు. పచ్చి గడ్డిని వత్తుగా వేస్తే లోపల దానంతట అదే ఉడుకెత్తుతుంది. అందుకని మా ఇళ్ళలో తడి ఏడు వామి వేస్తే, గడ్డపార లోపలికంటా గుచ్చి కొంతసేపు ఉంచి, లాగి, ఆ కొనను అరచేత్తో పట్టి చూస్తారు. చెయ్యి నిలిస్తే పరవాలేదు, నిలవకపోతే వామి విప్పి ఆరబోయాలి. ఆ పొద్దు వాళ్ళ అత్త పాలు పితుకుతూ, పోయి వామి చూసి రమ్మని ఈమెను పంపింది. కొత్త కోడలు గడ్డపార గుచ్చాలని ఎరగదు. వామి మీద చెయ్యి పెట్టి చూసింది. మంచు పడి చల్లగా ఉంది. బాగుందత్తా అని వచ్చి చెప్పింది. ఆ వామి లోపల్లోపలే కాలి, ఒక పట్టపగలు పొగ లేచి, అందరూ చూస్తుండగానే అంటుకుంది. పక్కన కట్టేసిన దూడను విప్పే లోపల తాడే కాలింది.

ఎవరూ నన్ను ఒక మాట అనలేదు అంది మా అత్త. అదే ఆమెకు ఎక్కువ బాధ అనిపించింది నాకు.

ఏటా వానకు తడిసిన గడ్డి వేసినప్పుడల్లా ఆమె గడ్డపార గుచ్చడం నేను చూస్తూనే ఉన్నాను. కొత్తలో అదేదో వాళ్ళ ఇలవేల్పు మొక్కు అనుకుని, గడ్డపారకు పసుపు కుంకుమ పెట్టబోయాను కూడా. అదెందుకో ఇప్పుడు తెలిసింది. తెలిసి, చల్లటి రేకు మీద ఆమె చెయ్యి పెట్టించినదాన్ని నేనే అని కూడా తెలిసింది. ఆ పూట వాదన మానేశాను. పెట్టె పోవలసిందేనేమో అని మొదటిసారి మనసులో అనుకున్నాను. చాలా దిగులేసింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు. ఒక గృహప్రవేశం వీడియోను ఫైలుగా మార్చే పనికి పెట్టి, బడి వ్యాను దగ్గరికి పాప కోసం వెళ్ళాను. ఆ పని పెట్టానంటే చిప్పుకు ఊపిరాడదు, పెట్టె ఫ్యాను బుసలు కొడుతుంది. తిరిగొచ్చేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. తెర నల్లగా ఉంది. నా పెట్టె చుట్టూ తడిపిన గోనె సంచి కట్టి ఉంది, కింద నీళ్ళు కారి మడుగైంది. ఎండాకాలంలో సొసైటీకి పోయే పాల క్యాన్లకు మేము తడి గోనె చుట్టి పంపిస్తాం, పాలు విరగకుండా. అత్త నా పెట్టెకు అదే చేసింది. అంచు మడిచి, పురికొసతో ముచ్చటగా ముడి కూడా వేసింది.

నేను చెప్పులతోనే పోయి స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, గోనె విప్పి పారేశాను. ఇది పాల క్యాను కాదు, కరెంటు పెట్టె, ముట్టుకుని ఉంటే నువ్వు పోయేదానివి అని అరిచాను. గాలి వచ్చిపోయే కంతలన్నీ మూసేశావు, చల్లబరిచే నెపంతో గొంతు నొక్కేశావు అని కూడా అరిచాను. చాలా అన్నాను. ఆమె గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నీ పెట్టెను ఇంట్లోనే ఉంచే దారి ఉంటుందేమోనని చూసినాను అని మాత్రం అని, పశువుల దగ్గరికి పోయింది.

ఆ మాట నాకు కాసేపటికి గాని అర్థం కాలేదు. పెట్టెను పంపించేయాలన్న మనిషే దాన్ని నిలుపుకోవడానికి తడి గోనె కట్టింది. వానాకాలం దాకా సాగవలసిన గడ్డిని, ఆ గడ్డి మీద బతికే పశువులను ఒక పక్క పెట్టుకుని, నా గదిని ఇంకో పక్క పెట్టుకుని, తనకు తెలిసిన వైద్యం చేసింది. అన్నం దగ్గర నేను ఆమెకు ఒక ముద్ద ఎక్కువ వేశాను. ఆమె వద్దనలేదు. మా ఇంట్లో రాజీ అంటే ఇంతే.

పెట్టె లోపలికి నీళ్ళు పోలేదు. బాగా ఎండనిచ్చి వేస్తే వెలిగింది. ఇక దీని సంగతి తేల్చాలనుకుని రెండు ప్రోగ్రాములనూ తెర మీద పక్కపక్కనే పెట్టి కూర్చున్నాను. ఊరికే ఉన్నప్పుడు ఒకటి అరవై ఏడు, ఇంకొకటి యాభై రెండు. చిన్న పని పెడితే డెబ్బై తొమ్మిది, అరవై నాలుగు. పెద్ద పనికి మళ్ళీ తొంభై ఒకటి, డెబ్బై ఆరు. చూడగా చూడగా తట్టింది. రెండింటికీ మధ్య తేడా ఎప్పుడూ పదిహేనే. అబద్ధాలాడే రెండు నోళ్ళు ఇంత వరసగా అబద్ధాలాడవు. గోడ గడియారం చేతి గడియారం కంటే ముందున్నప్పుడు కనిపించే తేడా ఇది. రెండూ ఒకే నడక నడుస్తున్నాయి, మొదలుపెట్టిన చోటే వేరు.

నాతో డిప్లొమా చదివిన స్నేహితురాలు ధర్మపురిలో కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతోంది. ఆమెకు ఫోను చేసి ఈ పదిహేను సంగతి చెప్పాను. ఆమె సగం తమిళంలో, సగం తెలుగులో, మధ్యలో కస్టమర్లను కసురుతూ చెప్పింది. అందులో ఒక మాట నన్ను నిలబెట్టేసింది. చిప్పుకు తన వేడి ఎంతో తెలియదట. ఇంత దాటితే నేను తాళలేను అనే గీత ఒకటి దానికి తయారైనప్పుడే గీసి ఉంటారట, ఆ గీతకు ఇంకా ఎంత దూరంలో ఉన్నానో మాత్రమే దానికి తెలుసట. మనం చూసే డిగ్రీలు చిప్పు చెప్పినవి కావు. గీత ఎక్కడుందో ప్రోగ్రాము తనకు తోచింది అనుకుని, అందులోంచి చిప్పు చెప్పిన దూరాన్ని తీసివేసి మనకు చూపిస్తుంది. ఒక ప్రోగ్రాము గీత నూరు దగ్గర ఉందనుకుంటోంది, ఇంకొకటి ఎనభై ఐదు అనుకుంటోంది. తేడా అంతా అక్కడే.

అయితే ఏది నిజం అని అడిగాను. నా చిప్పు నంబరు అడిగి, చేసిన వాళ్ళ కాగితం చూసి, నూరే అని చెప్పింది. అంటే తొంభై ఒకటే నిజం. నాకు నచ్చిన డెబ్బై ఆరే ఊహ. సరేలే, అది అట్లా ఉంచు, నువ్వు ఏ ప్రోగ్రాము నమ్మితే ఏం, మిగిలింది ఎంతో చూసుకో అంది ఆమె. చూసుకున్నాను. నూరులోంచి తొంభై ఒకటి పోతే తొమ్మిది. ఎనభై ఐదులోంచి డెబ్బై ఆరు పోయినా తొమ్మిదే. ఇన్నాళ్ళూ డెబ్బై ఆరును పట్టుకుని నేను సంబరపడుతున్నప్పుడూ నా చిప్పు గీతకు అవతల పడడానికి తొమ్మిదే మిగిలి ఉంది. గీత దగ్గరికి పోయేకొద్దీ దాని మాట నమ్మదగ్గది, చల్లగా ఊరికే ఉన్నప్పుడు చెప్పేది ఉజ్జాయింపు అని కూడా ఆమె చెప్పింది. మనుషుల్లోనూ అటువంటి వాళ్ళను ఎరుగుదును.

మూత తీసి చూడమని, చిప్పుకూ దాని మీది లోహపు దిమ్మకూ మధ్య వేడి దాటడానికి పూసే మందు ఎండిపోయి ఉంటుందని చెప్పి, ఆ మందు గొట్టం ఒకటి పెన్నాగరం బస్సులో కండక్టరుకు ఇచ్చి పంపింది.

మూత తీసేటప్పుడు అత్తను పిలిచాను. దూరంగా నిలబడింది. లోపలి ఫ్యాను తీస్తే దాని కింద లోహపు రేకుల మధ్య ఒక చిన్న వామే ఉంది. కిటికీలోంచి వచ్చిన గడ్డి పొట్టు, దుమ్ము, పిడకల బూడిద, అన్నీ కలిసి చాప అల్లినట్టు అల్లుకుని గాలికి దారి లేకుండా చేశాయి. అత్త దగ్గరికి వచ్చి వంగి చూసింది. వేలితో కొంచెం తీసి నలిపింది. ఇది మనదే, రాగి పొట్టు అంది, దొంగను పట్టుకున్న గొంతుతో. తన గడ్డిని నా పెట్టె ఎక్కడ కాలుస్తుందోనని ఆమె భయపడుతుంటే, ఆమె గడ్డే లోపల కూర్చుని నా పెట్టెను ఉడికిస్తోంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాం. ఆ ఎండాకాలంలో మేము కలిసి నవ్వడం అదే మొదలు.

రంగులేసే కుంచెతో, సైకిలు పంపుతో శుభ్రం చేశాను. పొట్టు అంతా ఆమె చాటలోకి పట్టుకుంది, అలవాటు పోదు కదా. ఎండిన మందు గీకి, కొత్తది పూసి, అన్నీ బిగించాను. తర్వాత ప్రోగ్రాములో వెతికితే ఒక వీలు కనిపించింది. డిగ్రీలు చూపించడం మాని, గీతకు ఇంకెంత మిగిలిందో అదే చూపించమనొచ్చు. అలాగే పెట్టాను. పెద్ద పని వేసి, ఫ్యాను బుస కొట్టే దాకా ఆగాను. తెర మూలన 38 దగ్గర అంకె నిలిచింది.

ఇది వేడి కాదత్తా, ఇది మిగులు అని చెప్పబోయి, ఎలా చెప్పాలో తెలియక తడుముకున్నాను. ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది. ఎండాకాలంలో వామిని చూసి, పశువులు ఎంత తిన్నాయని మా ఇంట్లో ఎవరూ లెక్క వెయ్యరు. వాన పడి పచ్చిక లేచేదాకా మిగిలింది సరిపోతుందా అనే చూస్తారు. బావిలో నీళ్ళయినా అంతే.

"అంటే ఇది ఇంకా తాళుకుంటాదని," అంది.

అవునన్నాను. అదే అంకె మొన్నటి దాకా తొమ్మిది అని చెప్పాను. తొమ్మిది అనగానే చాపను దగ్గరికి జరుపుకుని కూర్చుంది. అంకె తగ్గుతూ పెరుగుతూ ఉంటే దాన్నే చూస్తూ ఉంది. అడిగింది, ఏమీ మిగలకపోతే అప్పుడేమవుతుందని. ఆమె ఇన్నాళ్ళుగా నన్ను అడగాలనుకున్నది ఈ ఒక్క ప్రశ్నేనని నాకు అప్పుడు అర్థమైంది. నేనేమో డిగ్రీల గురించి వాదిస్తూ వచ్చాను.

ముందు మెల్లగా పని చేస్తుంది, అప్పటికీ తగ్గకపోతే నా వల్ల కాదని తనకు తానే ఆగిపోతుంది, నువ్వు గోనె చుట్టిన పొద్దు అది చేసింది అదే అన్నాను. ఆ పొద్దు నేను స్విచ్చి ఆపేసరికే అది ఆగి ఉంది, కరెంటూ పోలేదు.

"తనకు తానే నిలిచిపాయనా?"

"తనకు తానే."

"కాలకుండానా?"

"కాలకుండానే అత్తా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట అనుకోవచ్చు, అంత ఎండ ఉంది. నేను తెర వైపు తిరిగి కూర్చున్నాను. పని అయిపోయి ఫ్యాను నెమ్మదించే దాకా ఆమె అక్కడే ఉంది. ధర్మపురి గది మాట ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఏమంటుందోనని భయం. నెల మొదలు దగ్గర పడుతోంది.

మర్నాడు పొద్దున పాలు సొసైటీకి పోయాక, నేను గదిలో కూర్చుని గృహప్రవేశం వీడియో మళ్ళీ మొదలుపెడుతుంటే కిటికీ బయట గరగరా చప్పుడైంది. పశువు కట్టు తెంచుకుని గడ్డి మీద పడిందనుకుని బయటికి పరిగెత్తాను. నా భర్త వామి మీద నిలబడి గడ్డి కిందికి తోస్తున్నాడు. అత్త తలగుడ్డ చుట్టుకుని మోపులు కడుతోంది. అప్పటికే చాలా మోపులు దొడ్డి ఆ చివరికి, రాళ్ళ కట్ట దగ్గరికి చేరి ఉన్నాయి. ఆయన నన్ను చూసి, నాకేం తెలియదు అన్నట్టు చేతులు తిప్పాడు. ఆ వామి ఉండే చోటు వాళ్ళ అత్తల నాటి నుంచీ అదే. పశువులకు దగ్గర, వాన జల్లుకు గోడ చాటు. దాన్ని ఎండాకాలం నడుమ, సగం తిన్న వామిని, ఎవరూ కదిలించరు.

అంత దూరం నుంచి రోజూ గడ్డి మోసుకు రావాలి కదా, ఎందుకత్తా ఇది, పెట్టెనే ధర్మపురికి పంపిద్దామని కదా అన్నావు అని అడిగాను. ఆమె చేతిలోని తాడు బిగిస్తూ, తల ఎత్తకుండా జవాబు చెప్పింది.

"దానికి నోరుండాది. తాళలేకపోతే నిలిచిపోతాది. వామికి యాడుండాది నోరు? నోరు లేనిదాన్నే జరపల్ల."

అని, కట్టిన మోపును కాలితో తట్టి చూసి, ఎత్తమన్నట్టు నా వైపు చూసింది. నేను కొంగు నడుముకు దోపుకుని మోపు కింద తల పెట్టాను.